భీవండిలో బస ఎక్కడ?

సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలి ఇళ్ళలో భీవండి పేరు వినని ఇల్లు అరుదు. చేమగ్గం కడుపు నింపని రోజుల్లో తాతలు బొంబాయి రైలెక్కి, ఠాణే జిల్లాలోని ఈ ఊళ్ళో సాంచాల (మరమగ్గాల) కార్ఖానాల్లో పనికి కుదిరారు. వారిలో కొందరు పని నేర్చుకుని తిరిగొచ్చి సిరిసిల్లలో మరమగ్గాలు పెట్టారు. మరికొందరు అక్కడే స్థిరపడ్డారు. పద్మానగర్, కామత్‌ఘర్ వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది, అక్కడి ఆడపడుచులు బతుకమ్మ ఆడుతున్నారు. ఇటు నుంచి వెళ్ళేవాళ్ళూ ఆగలేదు. పెళ్ళికి, చావుకు, గుడ్డ బేరానికి, గోదాములో కొలువుకు, దగ్గర్లోని వజ్రేశ్వరి గుడికి, వేడినీటి గుండాలకు ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. తొలిసారి వెళ్ళేవాళ్ళందరినీ పీడించే ప్రశ్నలు రెండు. ఎక్కడ ఉండాలి? ఎవరిని నమ్మి డబ్బు చేతిలో పెట్టాలి?

మొదటి ప్రశ్నకు ఊళ్ళో పెద్దలు ఠక్కున జవాబు చెప్తారు: ‘ఫలానా మొహల్లా వైపు పోకు, అది గొడవల జాగ’. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1970 మేలో, మళ్ళీ 1984 మేలో భీవండిలో ఘోరమైన మత కలహాలు జరిగాయి. ఆ రోజుల్లో అక్కడున్న కుటుంబాలు ఆ సంగతులు పిల్లలకు చెప్పాయి, పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. అయితే ఆ తర్వాత జరిగింది చెప్పేవాళ్ళు తక్కువ. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాలవారూ ఒకేచోట కూర్చుని, పోలీసుల సమక్షంలో వీధి తగాదాలు వీధిలోనే తెంపుకునే ఏర్పాటు అది. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల్లో పక్కనే ముంబయి తగలబడుతున్నప్పుడు భీవండి నిలదొక్కుకుంది. నలభై ఏళ్ళ కిందటి కథ పట్టుకుని ఇవాళ గది ఎంచుకోవడం తప్పు లెక్క.

ఆ లెక్కలో అసలు ప్రమాదం కంటపడదు. ఇటీవలి ఏళ్ళలో భీవండిలో మనుషుల ప్రాణం తీసినవి వాళ్ళు తలదాచుకున్న బిల్డింగులే.

2020 సెప్టెంబరు 21. తెల్లవారుజామున మూడున్నర దాటింది. ధామన్‌కర్ నాకా దగ్గరి పటేల్ కంపౌండులో జీలానీ బిల్డింగ్ అనే మూడంతస్తుల భవనం కూలింది. లోపల జనం గాఢనిద్రలో ఉన్నారు. విపత్తు దళాలు రోజుల తరబడి శిథిలాలు తొలగించాయి. దాదాపు నలభై మంది పోయారు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 29న వర్ధమాన్ కంపౌండులో మరో భవనం కూలి ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ కింద గోదాము, పైన కాపురాలు.

పాత బిల్డింగులే కూలతాయనుకునేవారు 2019 ఆగస్టులో శాంతినగర్‌లో జరిగింది తెలుసుకోవాలి. ఆ నాలుగంతస్తుల భవనం వయసు ఎనిమిదేళ్ళు. అనుమతి లేకుండా కట్టినది. స్తంభాలు బీటలిస్తున్నాయని తెలిసి మునిసిపల్ సిబ్బంది రాత్రికి రాత్రి అందరినీ బయటికి పంపారు. కొందరు మళ్ళీ లోపలికి వెళ్ళారు, భవనం కూలింది, ఇద్దరు చనిపోయారు. ఠాణే శివారు శీల్ ఫాటాలో 2013 ఏప్రిల్ 4న కూలి 74 మందిని పొట్టన పెట్టుకున్న అక్రమ భవనమైతే అప్పటికింకా కడుతూనే ఉన్నారు. కొత్త సున్నం, మెరిసే టైల్స్ దేనికీ పూచీ పడవు. ఏ ఏరియా అన్న ప్రశ్న కంటే ముందు, ఏ బిల్డింగు, ఎవరి అనుమతితో కట్టింది అని అడగాలి.

ఇంజనీరు కానివాళ్ళు కూడా అరగంటలో చాలా సంగతులు కనిపెట్టవచ్చు. గదిలోకి వెళ్ళకముందే భవనం చుట్టూ తిరగాలి. స్తంభాల మీద ఏటవాలు బీటలు, పెచ్చులూడి బయటపడ్డ తుప్పు కడ్డీలు, మరుగుదొడ్ల గొట్టాల వెంబడి ఏళ్ళ తరబడి ఊరిన చెమ్మ ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. షట్టరు వెడల్పు చేయడానికి కింది అంతస్తులో స్తంభాన్ని చెక్కారా? కింది అంతస్తులకూ పై అంతస్తుకూ ఇటుకలో, కట్టిన తీరులో తేడా ఉందా? ఉంటే పైది తర్వాత ఎక్కించినదని అర్థం. తలుపులు చట్రంలో బిగుసుకుపోతుంటే, మొన్నటిదాకా సులువుగా పడేవేనా అని అందులో ఉండేవాళ్ళనే అడగాలి.

భీవండికే ప్రత్యేకమైన పరీక్ష ఇంకొకటుంది. ఇక్కడ చాలాచోట్ల కింద సాంచాలు, పైన ఖోలీలు (అద్దె గదులు). ఇల్లు చూపించేవాళ్ళు కార్ఖానా బందున్న వేళ తీసుకెళ్తే గది ప్రశాంతంగా అనిపిస్తుంది. సాంచాలు నడిచే వేళ మళ్ళీ ఒకసారి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించాలి. అదురు తెలుస్తుంది. బీటలిచ్చిన స్తంభాలున్న ఇంట్లో ఆ అదురు పన్నెండు గంటల షిఫ్టు తర్వాత షిఫ్టుగా ఆగకుండా నడిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పిల్లలతో వెళ్ళే కుటుంబం మాత్రం కింద కార్ఖానా గానీ గోదాము గానీ ఉన్న ఇంటికి ఒప్పుకోకూడదు. గోదాములతో ఇంకో చిక్కు నిప్పు. రాహనాల్, పూర్ణా, వల్ వంటి గ్రామాల గోదాముల్లో మంటలు లేచిన వార్తలు తరచూ వస్తుంటాయి, రసాయన డ్రమ్ములు నిల్వచేసిన చోట అవి అదుపులోకి రావడం కష్టం. పక్క షెడ్డులో ఏముందో చెప్పడానికి వాచ్‌మన్ తటపటాయిస్తే ఆ పక్కన పడుకోకపోవడమే మేలు.

ఇక ఏరియాల సంగతి. తెలుగు తప్ప మరో భాష రాని పెద్దవాళ్ళకు, ఆడపిల్లలతో వెళ్ళే కుటుంబాలకు పద్మానగర్, కామత్‌ఘర్ సహజంగానే అనువైనవి. భాష తెలిసిన డాక్టరు, కిరాణా కొట్టు, కులసంఘం పెద్దలు నడిచివెళ్ళే దూరంలో ఉంటారు. కామత్‌ఘర్‌లో వరాలదేవి చెరువు ఉండడంతో చిరునామా చెప్పడం, కనుక్కోవడం కూడా సులువే. వానాకాలంలో వెళ్తే తీన్‌బత్తి బజారు, ఈద్‌గా రోడ్డు, మాడా కాలనీ లాంటి పల్లపు చోట్ల కింది అంతస్తు గదులు వదిలేయాలి. కామ్‌వారీ నది పొంగినప్పుడు నీళ్ళు చేరేది అక్కడికే. గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఇంటి యజమాని చెప్పని సంగతి తెలిసిపోతుంది. అంజూర్ ఫాటా, మాణ్‌కోలి వైపు గోదాము ఉద్యోగాలకు దగ్గరే గానీ రాత్రంతా లారీలు నడుస్తాయి, నడిచివెళ్ళేవారికి ఆ రోడ్లు మంచివి కావు.

ఒకటి రెండు రాత్రుల పనికి వెళ్ళే వ్యాపారి, వజ్రేశ్వరి గుడి, గణేశ్‌పురిలో నిత్యానందస్వామి సమాధి చూడబోయే యాత్రికులు భీవండి నడిబొడ్డున లాడ్జీ వెతుక్కోవలసిన పనే లేదు. కల్యాణ్‌లోనో ఠాణేలోనో స్టేషనుకు దగ్గర బస చేసి, పొద్దున వెళ్ళి చీకటి పడకముందే తిరిగిరావడం అన్నివిధాలా నయం. అక్కడ హోటళ్ళు ఎక్కువ కాబట్టి ఒకటి నచ్చకపోతే ఇంకొకటి దొరుకుతుంది, రైలు చేతికందే దూరంలో ఉంటుంది.

దిగే చోటు గురించి కూడా ముందే అనుకోవాలి. భీవండి రోడ్ అనే స్టేషను ఉంది కానీ అది దీవా–వసయి మార్గంలోది, అక్కడ ఆగే రైళ్ళు తక్కువ. తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళేవారు ఎక్కువగా కల్యాణ్‌లోనే దిగుతారు. నిజామాబాద్ మీదుగా వెళ్ళే దేవగిరి ఎక్స్‌ప్రెస్ అక్కడికి చేరేది తెల్లవారుజామున. కళ్ళు నలుపుకుంటూ సంచులతో బయటికొచ్చే కుటుంబం చుట్టూ ‘భీవండి, భీవండి’ అంటూ గుంపు చేరేది ఆ వేళే. తొందరేం లేదు. వెలుతురు వచ్చేదాకా స్టేషను విశ్రాంతి గదిలో కూర్చుని, టీ తాగి, అప్పుడు బయల్దేరవచ్చు. షేర్ ఆటోలున్నాయి, ఎస్టీ (రాష్ట్ర రవాణా సంస్థ) బస్సులున్నాయి. మొత్తం ఆటో మాట్లాడుకోవాలంటే లెక్క చేతిలో ఉండాలి: 2025 ఫిబ్రవరి 1 నుంచి ముంబయి మహానగర ప్రాంతంలో ఆటో మీటరు తొలి కిలోమీటరున్నరకు 26 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 17 రూపాయల పైచిలుకు. కల్యాణ్ నుంచి భీవండి సుమారు 12 కిలోమీటర్లు. అంటే ఆ రేటు ప్రకారం రెండు వందల పైన కాస్త. అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా పావువంతు అదనం. మీటరు వేయనన్నా సరే, ఈ అంకె తెలిసినవాళ్ళు ఆరేడు వందలకు తలూపరు. ‘షేరా, స్పెషలా, మనిషికెంత, సామానుకు వేరేనా’ అని ఎక్కకముందే అడగాలి. దిగాక అడిగితే అది గొడవ కింద తేలుతుంది. మీరు చెప్పిన లాడ్జీ మూతపడింది, ఇంకొకటి చూపిస్తానన్న డ్రైవరుకు ఒకటే జవాబు: ముందు ఆ లాడ్జీకే ఫోన్ చేయడం.

ఆ ఫోన్ నంబరు ఎక్కడిదన్నది ఇంకో ప్రశ్న. గూగుల్‌లో పైకి తేలిన ప్రతి నంబరూ హోటలుది కాదు. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్ 2025 ఏప్రిల్‌లో ఈ విషయమే హెచ్చరించింది. చార్‌ధామ్ హెలికాప్టర్ టిక్కెట్లు, సోమనాథ్ అతిథి గృహాలు, హోటళ్ళ పేరుతో దొంగ వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, వాట్సప్ ఖాతాలు నడుస్తున్నాయని, డబ్బు కట్టాక నంబరు పలకదని వివరించింది. చిన్న ఊరి లాడ్జీలకు ఈ మోసం ఇంకా తేలిక, ఎందుకంటే వాటికి సొంత వెబ్‌సైటే ఉండదు. గది అద్దె బుకింగ్ యాప్‌లో గానీ, అక్కడికి వెళ్ళాక గానీ కట్టడం తప్ప, ముక్కూమొహం తెలియని నంబరుకు యూపీఐలో ముందే పంపకూడదు. ‘రిఫండ్ పంపిస్తున్నాం, పిన్ కొట్టండి’ అంటే అది ఖాయంగా దొంగమాట, డబ్బు రావడానికి పిన్‌తో పనిలేదు. లాడ్జీలో గుర్తింపు కార్డు చూపించాల్సిందే. ఆధార్ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ యూఐడీఏఐ సైటులో దొరుకుతుంది, అది చాలు.

నెలల తరబడి ఉండబోయేవారి డబ్బు పోయేది ఇంకోచోట: డిపాజిట్‌లో. ముంబయి చుట్టుపక్కల ఊళ్ళలో ‘హెవీ డిపాజిట్’ అనే పద్ధతి ఉంది. ఒకేసారి లక్షల్లో కడితే నెలనెలా కిరాయి ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తామంటారు. ఊళ్ళో చిట్టీ ఎత్తి, పుస్తెలు కుదువపెట్టి ఆ మొత్తం పోగేసిన కుటుంబాలకు ఇది ఆశ చూపే బేరం. అదే ఖోలీని ఇద్దరు ముగ్గురికి చూపి అందరి దగ్గరా వసూలు చేసినవాళ్ళు, తామే కిరాయికి ఉంటూ యజమానినని చెప్పుకున్నవాళ్ళు ఈ పద్ధతిలోనే జనాన్ని ముంచారు. పైగా బిల్డింగు ప్రమాదకరమని మునిసిపాలిటీ ఖాళీ చేయిస్తే ఆ లక్షలు ఎవరిని అడగాలి? ఎంత సుఖంగా కనిపించినా కొత్తగా వెళ్ళినవారు హెవీ డిపాజిట్ జోలికి వెళ్ళకపోవడమే క్షేమం. నెల కిరాయి కాస్త బరువైనా, పోతే ఒక నెలది పోతుంది.

కాగితం దగ్గర మొహమాటం వద్దు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షన్ ప్రకారం కిరాయి ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి, రిజిస్టరు చేయించే బాధ్యత ఇంటి యజమానిదే. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కాగితం లేనప్పుడు తగాదా వస్తే, యజమాని వేరేగా రుజువు చేసేదాకా కిరాయిదారు చెప్పిన షరతులే చెల్లుతాయని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. పరాయి రాష్ట్రంలో బతకబోయిన కూలీకి ఇంత గట్టి అండ ఉందని చాలామందికి తెలియదు. ‘పోలీసుస్టేషన్‌లో కిరాయిదారు వివరాలిద్దాం’ అనగానే వెనకాడే యజమానితో బేరం అక్కడే ఆపేయాలి.

యజమాని ఎవరో తేల్చుకోవడానికి రెండు కాగితాలు చాలావరకు సరిపోతాయి. ఒకటి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఇండెక్స్ టూ, అంటే ఆస్తి రిజిస్ట్రేషను సారాంశం. రెండోది కరెంటు బిల్లు. భీవండిలో రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్ తరఫున 2007 నుంచి టొరెంట్ పవర్ కరెంటు సరఫరా చూస్తోంది. బిల్లు మీద పేరు, చిరునామా, పాత బకాయి కనబడతాయి. బకాయి ఉన్న ఖోలీలో దిగితే ఫ్యూజు పీకేనాటికి లోపల ఉండేది కిరాయిదారే. ఘర్‌పట్టీ (ఇంటిపన్ను) రసీదును మాత్రం చూసి మురిసిపోకూడదు. పన్ను కడుతున్నంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదు, అక్రమ కట్టడాలకూ పన్ను వేస్తారు.

ఇల్లు కొనేవారికైతే జాగ్రత్త పదింతలుండాలి. భీవండి చుట్టూ ఉన్న 60 గ్రామాల్లో కట్టడాలకు అనుమతి ఇవ్వాల్సింది ముంబయి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (ఎంఎంఆర్‌డీఏ). కాల్హేర్, కాశేలి, మాణ్‌కోలి వైపు ‘గ్రామపంచాయతీ పర్మిషన్ ఉంది’ అని చూపే కాగితం ఆ లోటు తీర్చదు. పక్కనే కల్యాణ్–డోంబివలీలో ఏం జరిగిందో చూస్తే చాలు. మునిసిపల్ అనుమతులు ఫోర్జరీ చేసి, వాటితో రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ మహారేరా రిజిస్ట్రేషను కూడా తెచ్చుకుని 65 భవనాలు కట్టి అమ్మారు. 2024 నవంబరులో వాటిని కూల్చమని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. కొన్నవాళ్ళ చేతిలో రిజిస్ట్రేషను నంబరుంది, బ్యాంకు అప్పుంది, ఇల్లు మాత్రం నిలవని ఇల్లు. మహారేరా నంబరు చూసి ఆగకుండా, అనుమతి పత్రం నిజంగా తమ ఆఫీసు ఇచ్చిందేనా అని మునిసిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలోనే అడగాలని ఆ కేసు నేర్పింది. ఠాణే–భీవండి–కల్యాణ్ మెట్రో పేరు చెప్పి రేటు పెంచే బ్రోకరు ఈ కాగితం ప్రస్తావన రాగానే మాట మార్చితే సమాధానం దొరికినట్టే.

గుడ్డ కొనబోయేవారికి ఒక చిన్న సూచన. భీవండి సాంచాల మీద నేసే బట్టలో ఎక్కువ భాగం రంగు వేయని గ్రే గుడ్డ. అది ప్రాసెసింగుకు వెళ్ళాకే రంగూ అచ్చూ పడతాయి. నాకా దగ్గర నిలబడి, ‘మా సేఠ్ కార్ఖానాలో మగ్గం మీంచి నేరుగా దించిన రంగు చీరలు’ అనేవారి మాటలో పస ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. గుడ్డ తాను కొంటే విప్పి కొలిపించుకోవాలి, మధ్యలో చూడాలి. గోదాములో మిగిలిన ఫోన్లు సగం ధరకంటూ చెవిలో చెప్పేవారి జోలికి వెళ్తే డబ్బే కాదు, దొంగసొత్తు కొన్న కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది.

అన్నిటికంటే చెప్పడం కష్టమైనది, చెప్పక తప్పనిది ఒకటుంది. పరాయిచోట ‘అన్నా, మీదే ఊరు?’ అన్న తెలుగు మాట వినగానే మనసు కరిగిపోతుంది. ఆ మాట మీదే భీవండి తెలుగువాడ నిలబడింది. కొత్తగా వచ్చినవాడికి బిస్సీలో (మెస్‌లో) అన్నం పెట్టించింది, సేఠ్ దగ్గర పూచీ ఉన్నది, జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఆ మాట పలికినవాళ్ళే. మోసగాడు కూడా ఆ మాటతోనే మొదలుపెడతాడు. ఊరిపేరు, ఇంటిపేరు చెప్పినవాడి వివరం ఊళ్ళో ఇద్దరికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలుతుంది. నిజంగా మేలు కోరేవాడు ఆ పది నిమిషాలు ఆగుతాడు. ‘ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకపోతే గది పోతుంది’ అని తొందరపెట్టేవాడు ఏ భాష మాట్లాడినా ఒకటే.

ఆన్‌లైన్‌లో డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సిగ్గుపడి ఊరుకోకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బును బ్యాంకు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ప్రాణభయం ఉంటే 112, రైలులో అయితే 139.

భీవండిలో అన్నదమ్ములో మేనమామలో ఉన్న కుటుంబాలు ఒక పని ఈ వారమే చేయవచ్చు. ఏటా వానలకు ముందు అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ ప్రమాదకర భవనాలను గుర్తించి జాబితా వేస్తుంది. సీ–1 అంటే తక్షణం ఖాళీ చేసి కూల్చాల్సినవి, సీ–2ఏ అంటే ఖాళీ చేసి మరమ్మతు చేయాల్సినవి. తమవాళ్ళు ఉంటున్న బిల్డింగు పేరు ఆ జాబితాలో ఉందేమో వార్డు ఆఫీసుకు వెళ్ళి అడగమని ఫోన్ చేసి చెప్పండి. ఉంటే, సామాను కోసం ఆగవద్దని కూడా చెప్పండి.